ఆపిల్ కీబోర్డు వస్తే ఆపిల్ కంప్యూటర్ వచ్చినట్టేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది, ఇంట్లో ఉన్న కంప్యూటరేమో విండోస్ 11కి పనికిరాదంటోంది, ఇక దేనికి మారాలి అని. అన్నిటికీ జవాబు రాసేంత చోటు లేదు కాబట్టి నాలుగు ఏరుకున్నాను. మొదటిది చదువుతుంటే నా పాత షాపు కళ్ల ముందు కదిలింది. అందుకని దానికి కాస్త ఎక్కువ చోటే తీసుకుంటున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నా వయసు 61. తెనాలిలో పాతికేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. పెళ్లి కార్డులు, గుడి కరపత్రాలు, సావనీర్లు, ఊళ్లో కవుల పుస్తకాలు. అంతా అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో. నా కంప్యూటర్ 2016లో కొన్నది, ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 ఎక్కదంటోంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి "ఆపిల్ కొనుక్కో నాన్నా, డబ్బు నేను పంపిస్తా" అంటున్నాడు. నేను మొదటినుంచీ అనులో ఆపిల్ కీబోర్డే కొడుతున్నాను కదా, ఆపిల్ కంప్యూటర్ అయితే నాకు ఇంకా సులువే అనుకుంటున్నాను. పాత ఫైళ్లు 40 జీబీ దాకా ఉన్నాయి. కొనమంటారా?

జవాబు: మాస్టారూ, చేదు మాట ముందే చెప్పేస్తాను. మీ వేళ్లకు వచ్చిన ఆపిల్‌కీ, మీ అబ్బాయి కొనమంటున్న ఆపిల్‌కీ పేరొక్కటే చుట్టరికం. అనులో 'ఆపిల్' అంటే ఏ మీట మీద ఏ తెలుగు అక్షరం ఉండాలో చెప్పే ఒక అమరిక, అంతే. ఇవాళ షోరూములో అమ్మే మ్యాక్‌లో, అంటే ఆపిల్ కంప్యూటర్‌లో, ఆ అమరిక ఉండదు. తెలుగుకి దాంట్లో ఇచ్చేది ఇన్‌స్క్రిప్టు, ఇంకా ఇంగ్లిషు మీటల వరసలో కొట్టుకునే క్వెర్టీ పద్ధతి. ఇన్‌స్క్రిప్టు మంచిదే, 1986 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం అన్ని భారతీయ భాషలకీ కలిపి చేయించింది. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేను అదే చెబుతాను. కానీ పాతికేళ్లు ఒక అమరికకు అలవాటుపడ్డ వేళ్లకు ఇన్‌స్క్రిప్టు నేర్పడమంటే ఎడమ చేత్తో అన్నం తినమన్నట్టే. తినొచ్చు, కానీ మీకు కావాల్సింది ఆదివారంలోగా పెళ్లి కార్డు.

ఇది ఇలా అడ్డంగా ఎందుకు చెబుతున్నానంటే, నాకూ ఒకప్పుడు ఇదే భ్రమ ఉండేది. విజయవాడ అరండల్‌పేటలో పద్దెనిమిదేళ్లు డీటీపీ షాపు నడిపాను. నాదీ ఆపిల్ చేయే. మా మరదలి మ్యాక్ ముందు మొదటిసారి కూర్చుని, పేరు చూసి, ధీమాగా 'శ్రీరస్తు' కొట్టాను. తెర మీద పడింది చదివి మా మరదలు నవ్విన నవ్వు ఇప్పటికీ వినిపిస్తోంది.

ఇప్పుడు తమాషా వినండి. మీ ఆపిల్ కీబోర్డు ఆపిల్ కంప్యూటర్‌లో లేదు గానీ, విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకునే లినక్సులో ఉంది. డబ్బు పెట్టక్కర్లేదు. లినక్సులో ఐబస్ అనే సదుపాయం, దానికి తోడు ఎం17ఎన్ అనే చిన్న ప్యాకేజీ వేసుకుంటే తెలుగు కింద వరసగా ఆపిల్, ఇన్‌స్క్రిప్టు, పోతన, ఆర్‌టీఎస్, సరళ అని పేర్లు కనిపిస్తాయి. ఆపిల్ ఎంచుకుని కొట్టడమే. అచ్చంగా అనులో కొట్టినట్టే ఉంటుందని మాత్రం పూచీ ఇవ్వను. నాకు కొన్ని మీటల దగ్గర చెయ్యి తడబడింది, ఓ వారం పట్టింది. వారమే, ఆరు నెలలు కాదు.

అయితే కీబోర్డు చిన్న చిక్కే. పెద్ద చిక్కు ఆ 40 జీబీ.

అను ఫాంటులో మీరు కొట్టిన 'క' మీ కంటికి 'క', కంప్యూటర్‌కి కాదు. దాని లెక్కలో అది ఏదో ఇంగ్లిషు అక్షరమో, ఐరోపా భాషల గుర్తో. దాని మీద 'క' బొమ్మ తొడుక్కుని కూర్చుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరవండి, తొడుగు ఊడిపోయి లోపలి గుర్తులన్నీ బయటపడతాయి. యూనికోడ్ అలా కాదు, అక్కడ 'క'కి సొంత నంబరు ఉంది. తెలుగుకు మొత్తం 128 స్థానాలు కేటాయించారు, ఏ కంప్యూటర్ అయినా, ఏ ఫోన్ అయినా 'క'ని 'క'గానే చదువుతుంది. మీ పాతికేళ్ల పని ఉన్నది ఆ తొడుగుల లోకంలో. పైగా పేజ్‌మేకర్. దాని చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, తర్వాత దాన్ని చేసే అడోబీ వాళ్లు ఇన్‌డిజైన్ అనే తమ ఇంకో ప్రోగ్రాము వైపు వెళ్లిపోయారు. ఇప్పటి మ్యాక్‌లో పేజ్‌మేకర్ నడవదు. ఒకప్పుడు మ్యాక్‌లోనే విండోస్ కూడా వేసుకునే వీలుండేది. 2020 నవంబరులో ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చాక చిప్ జాతే మారిపోయింది, ఆ దారీ మూసుకుపోయింది. మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ లాంటి ప్రోగ్రాములతో కొత్త రకం విండోస్ తెప్పించుకోవచ్చు. దాని మీద పేజ్‌మేకర్, దాని మీద అను... అటక మీద అటక. నేనైతే వెయ్యను.

నా అనుభవం ఒకటి చెబుతాను, మీరు ఆ తప్పు చెయ్యకండి. 2022లో షాపు మూసేశాక నా పాత డెస్క్‌టాప్‌ని లినక్సులో ఒక రకమైన మింట్‌కి మార్చాలనుకున్నాను. పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి ఎత్తాను, డిస్కు ఫార్మాట్ కొట్టాను, మింట్ వేశాను, టీ పెట్టుకుని సంబరపడ్డాను. రెండు నెలలకు ఒక పెద్దాయన వచ్చి తన కథల పుస్తకం రెండో ముద్రణ వేస్తానన్నారు. తెలిసినవాళ్ల షాపులో పాత కంప్యూటర్ ఉంటే అక్కడికి తీసుకెళ్లి ఫైలు తెరిచాను. అక్షరాలున్నాయి, బొమ్మలు లేవు. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మల్ని చాలాసార్లు ఫైల్లో దాచుకోదు, అవి ఉన్న చోటికి దారి మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది కదా. ఆ బొమ్మలు డి డ్రైవులో 'కొత్త ఫోల్డర్ 3'లో ఉండేవి. డి డ్రైవు నేనే చెరిపేశాను. ఆ బొమ్మలు వేసిన చిత్రకారుడి ఇంటికి వెళ్లి, కాగితాల కట్టలోంచి అసలు బొమ్మలు వెతికించి మళ్లీ స్కాన్ చేయించుకున్నాను.

ఇక రెండో దెబ్బ. ఆ పుస్తకాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాను. చకచకా మారిపోయింది, పైపైన చూస్తే ముత్యాల్లా ఉంది. ప్రూఫు చూసిన పెద్దాయన ఫోన్ చేసి "అమ్మా, మన హైదరాబాద్‌కి ఏమైంది?" అన్నారు. చూద్దును కదా, 'హైదరాబాద్‌లో' అన్న ప్రతిచోటా 'హైదరాబాద్లో' అయి కూర్చుంది. పాత ఫాంటులో పొల్లు ఒక బొమ్మ, 'లో' ఇంకో బొమ్మ, దేని దారి దానిది. యూనికోడ్‌లో పొల్లు వెంటనే హల్లు వస్తే అది ఒత్తయిపోతుంది. రెంటి మధ్యా కంటికి కనపడని ఒక అడ్డు అక్షరం పెట్టాలి. నేను వాడిన కన్వర్టర్‌కి ఆ సంగతి తెలియదు. బస్‌స్టాండ్, రైల్వే స్టేషన్‌లో, కాలేజ్‌కి, అన్నీ ఇంతే. 112 పేజీలు కూర్చుని సరిచేశాను. మధ్యలో వచ్చే ఇంగ్లిషు పేర్లు, కొటేషన్ గుర్తులు కూడా అక్కడక్కడా తెలుగు ముక్కలుగా మారిపోయాయి, వాటి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి మీకు నా సలహా: ఆ పాత కంప్యూటర్ జోలికి వెళ్లకండి. దానికి ఇంటర్నెట్ తీగ పీకేయండి, వైఫై ఆపేయండి. మద్దతు పోయిందంటే మర్నాడు ఆగిపోతుందని కాదు, కొత్త భద్రతా సవరణలు రావని. నెట్‌కి తగలకుండా, తెలియని పెన్‌డ్రైవు గుచ్చకుండా ఉంటే దానికొచ్చే ముప్పు చాలావరకు తగ్గుతుంది. పేజ్‌మేకర్, అను అక్కడే ఉండనివ్వండి. ఫైళ్లు, బొమ్మలు, ఫాంట్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నవి ఆ ఫోల్డర్‌తో సహా రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎత్తండి. ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకెక్కడైనా. అయిపోయిన పుస్తకాలన్నిటికీ పీడీఎఫ్ తీసి పెట్టండి. విండోస్ 10లో ప్రింట్ కొట్టేచోట పీడీఎఫ్‌గా దాచుకునే ప్రింటర్ ముందే ఉంటుంది. మళ్లీ ముద్రణకు వస్తాయనుకున్నవాటినే యూనికోడ్‌లోకి మార్చండి. 2004 నాటి శుభలేఖ మార్చి ఏం చేస్తాం, ఆ పెళ్లికొడుక్కే ఇప్పుడు బట్టతల.

నెట్ మానలేను, ఆ కంప్యూటరే కావాలంటే కొంత గడువు ఉంది. అప్‌డేట్ పేజీలో అదనపు భద్రతా సవరణలకు నమోదు చేసుకోవచ్చు, ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుంటే దానికి డబ్బు అడగరు.

కొత్త పనికి మాత్రం ఒక 8 జీబీ పెన్‌డ్రైవులో లినక్సు మింట్ ఎక్కించుకుని చూడండి. ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా, మీ డిస్కు ముట్టుకోకుండా, పెన్‌డ్రైవు నుంచే నడుస్తుంది. మెల్లగా నడుస్తుంది, కంగారుపడకండి. నచ్చితే అప్పుడు వేరే డిస్కు మీద వేసుకోవచ్చు. పుస్తకాలకు వర్డ్ లాంటి లిబ్రాఆఫీస్ సరిపోతుంది. పేజీ కట్టడానికి స్క్రైబస్ ఉంది, 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు కుదురుగా పడుతున్నాయి. కానీ మీరు పెళ్లి కార్డులు కోరల్‌డ్రాలో చేస్తుంటే లినక్సు మాట మర్చిపోండి, కోరల్ అక్కడ లేదు. అప్పుడు విండోస్ 11 ఉన్న కొత్త డెస్క్‌టాపే మీకు దారి. పేజ్‌మేకర్ కూడా అందులో కొంచెం సతాయించినా నడుస్తుంది.

మీ అబ్బాయి మనసు నొచ్చుకోకుండా మ్యాకే కొనాలంటే మ్యాక్ మినీ చాలు. 2024లో వచ్చిన ఎం4 మోడల్ మన దగ్గర 59,900 రూపాయలకు మొదలైంది. మీ మానిటర్, కీబోర్డు, మౌస్ దానికే తగిలించుకోవచ్చు. దాంట్లో పాత తరహా యూఎస్‌బీ రంధ్రం ఒక్కటీ లేదు, మధ్యలో పెట్టే ముక్క విడిగా కొనాలి. అన్నట్టు, మ్యాక్‌లో తెలుగు రాదేమోనన్న భయం అక్కర్లేదు, బాగానే వస్తుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ని ఒక విచిత్రమైన తీరులో రాసిన సందేశం వస్తే ఐఫోన్లు, మ్యాకులు కుప్పకూలాయని ప్రపంచమంతా గోలెత్తింది. ఆ నెలలోనే సరిచేశారు. జ్ఞానం తట్టుకోలేకపోయాయని మా షాపులో కుర్రాళ్లు నెలరోజులు నవ్వుకున్నారు.

ప్రశ్న: మా అబ్బాయి కొత్తది కొనుక్కుని తన పాత మ్యాక్‌బుక్ ఎయిర్ నాకిచ్చి వెళ్లాడు. 2015 నాటిది. నేను ఇన్నాళ్లూ విండోస్ ల్యాప్‌టాప్‌లో యూట్యూబ్, వాట్సాప్, బ్యాంకు పనులు చూసుకునేదాన్ని. అది పాడైంది. దీన్ని వాడుకోవచ్చా? (నిజామాబాద్ నుంచి ఒక తల్లి)

జవాబు: వాడుకోవచ్చమ్మా, కానీ ఇప్పుడున్నట్టుగా బ్యాంకు పనికి వద్దు. ఆ మోడల్‌కి ఆపిల్ ఇచ్చిన చివరి పెద్ద వెర్షన్ మాంటెరీ, అది 2021లోది. దానికి ఇప్పుడు భద్రతా సవరణలు రావడం లేదు. లోపల ఉన్నది ఇంటెల్ చిప్ కాబట్టి, పైన తెనాలి మాస్టారికి చెప్పిన లినక్సు మింట్ దీనికీ ఎక్కుతుంది. ఒక్క జాగ్రత్త: వేసిన వెంటనే వైఫై కనపడకపోవచ్చు. ఫోన్‌ని తీగతో ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్ నెట్‌ని దానికి ఇచ్చి, డ్రైవర్ మేనేజర్ అనే చోట వైఫై డ్రైవరు వేసుకోవాలి. పది నిమిషాల పని, కానీ తెలియకపోతే పది రోజుల టెన్షన్. వేసేముందు మీ అబ్బాయిని ఒకసారి వీడియో కాల్‌లోకి పిలిచి, వాడి ఆపిల్ ఖాతా తీయించండి. ఫొటోలు అందులోనే మిగిలాయేమో కూడా అడగండి, ఈ పిల్లలు అన్నీ మర్చిపోయి వెళ్తారు.

ప్రశ్న: ధర్మవరంలో మాకు చీరల షాపు ఉంది. లెక్కలు ట్యాలీలో నేనే చూస్తాను. మా ఆయన కొత్తగా మ్యాక్‌బుక్ కొందామంటున్నారు, చూడ్డానికి బాగుంటుందని. ట్యాలీ దాంట్లో పనిచేస్తుందా?

జవాబు: చూడ్డానికి చీర ఉందిగా చెల్లెమ్మా. ట్యాలీప్రైమ్ తయారైంది విండోస్ కోసం. మ్యాక్‌లో వాడాలంటే చుట్టూ తిరిగి ఇంకేదో పెట్టుకోవాలి, నెలాఖరున జీఎస్‌టీ రిటర్ను ముందు అది మొరాయిస్తే మీ ఆయన సాయానికి రారు. పైగా షాపులో ఆ చిన్న తెల్లటి లేజర్ ప్రింటర్ ఉందా, ఏ జిరాక్సు షాపులో చూసినా కనిపించేది? ఆ రకం ప్రింటర్లు చాలావాటికి డ్రైవరు సరిగా దొరికేది విండోస్‌కే. నేను లినక్సులో అలాంటిదాన్ని నడిపించడానికి రెండు రాత్రులు కూర్చుని, చివరికి దాన్ని పక్కింటికి ఇచ్చేశాను. డిజిటల్ సంతకం టోకెన్ వాడుతుంటే దాని సంగతి కూడా ముందే ఇచ్చినవాళ్లను అడగండి. విండోస్ 11 ల్యాప్‌టాప్ తీసుకోండి. 8 కాదు, 16 జీబీ ర్యామ్ ఉన్నది.

ప్రశ్న: ఉద్యోగంలో చేరాక మొదటిసారి మ్యాక్ ఇచ్చారు. ఫైలు కట్ చేసి ఇంకో ఫోల్డర్‌లో పేస్ట్ చేద్దామంటే కట్ పనిచేయడం లేదు. అడిగితే ఆఫీసులో నవ్వుతారేమోనని మీకు రాస్తున్నాను. (బెంగళూరు నుంచి)

జవాబు: నవ్వినవాళ్లు కూడా మొదటివారం ఇలాగే వెతుక్కున్నారు తల్లీ, ఎవరూ చెప్పరు అంతే. మ్యాక్‌లో ఫైళ్లకు కట్ ఉండదు. కమాండ్, సి తో కాపీ చెయ్యి. కావాల్సిన చోటికి వెళ్లి కమాండ్, ఆప్షన్, వి మూడూ కలిపి నొక్కు. అప్పుడు పాత చోటు నుంచి తీసి ఇక్కడ పెడుతుంది. విండోస్‌లో కంట్రోల్‌తో చేసిన పనులు చాలావరకు ఇక్కడ కమాండ్‌తో చెయ్యాలి, బొటనవేలు అలవాటు పడేదాకా విసుగ్గా ఉంటుంది. కిటికీ మూలన ఎర్ర చుక్క నొక్కితే కిటికీ మూసుకుంటుంది గానీ చాలా ప్రోగ్రాములు వెనక నడుస్తూనే ఉంటాయి, వాటిని ఆపాలంటే కమాండ్, క్యూ. ఇంటి నుంచి తెచ్చిన హార్డ్‌డిస్కులో ఫైళ్లు కనిపిస్తున్నాయి గానీ కొత్తవి ఎక్కడం లేదంటే అది పాడైందని పారెయ్యకు. విండోస్ పద్ధతిలో, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసిన డిస్కును మ్యాక్ చదువుతుంది, రాయదు. ఫైళ్లు ఇంకోచోట దాచుకుని దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చితే రెండు చోట్లా పనిచేస్తుంది. ముందు దాచుకో, తర్వాతే మార్చు. పైన నా 'కొత్త ఫోల్డర్ 3' కథ చదివావు కదా.